అర్థశాస్త్రం మిగులు చదువేనా?



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటినుండి మా రామారెడ్డిలో ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే చర్చ. పిల్లవాణ్ణి ఏ కోర్సులో చేర్పించాలి, అమ్మాయిని కామారెడ్డికి పంపాలా, నిజామాబాదుకు పంపాలా, లేక హైదరాబాదే పంపాలా? నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. పండిత శిక్షణ తప్ప మరో శాస్త్రంలో నాకు పట్టా లేదు. అయినా పల్లెలో 'సారు' అంటే పంచాంగం నుండి పాసుపుస్తకం దాకా అన్నీ తెలిసినవాడని లెక్క. కనుక ఈ మధ్య ఒక ప్రశ్న నా దగ్గరికి తరచుగా వస్తోంది: "సారూ, డిగ్రీల ఎకనామిక్స్ తీసుకోవచ్చునా? తీసుకుంటే ఏమొస్తది?"

ప్రశ్న చిన్నదే. కానీ దానికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పబోతే నాకే తృప్తి కలుగలేదు. ఈ శాస్త్రం మన నేలకు ఎప్పుడు వచ్చింది, ఏ భాషలో వచ్చింది, ఎవరు చదివారు, చదివి ఏం చేశారు అని వెతుక్కుంటూ పోతే నూట ఇరవై ఏళ్ళ చరిత్ర ముందుకు వచ్చింది. అది చెప్పిన తరువాతనే సలహా చెప్పడం న్యాయమనిపించి ఈ టపా రాస్తున్నాను.

మన జూనియర్ కళాశాలల్లో గ్రూపులకు అలిఖితమైన పంక్తిభేదం ఒకటుంది. ఎం.పి.సి., బై.పి.సి. వారిది ముందు పంక్తి. ఆ రెండింటిలో చోటు దొరకనివారు, లెక్కలంటే భయపడేవారు సి.ఇ.సి.కో హెచ్.ఇ.సి.కో వెళతారని లోకప్రతీతి. ఎం.ఇ.సి. మాత్రం చార్టర్డ్ అకౌంటెంటు కావాలనుకునేవారి పుణ్యమా అని కొంత గౌరవానికి నోచుకుంది. ఈ మూడు గ్రూపుల పేర్లలోనూ నడుమ నిలిచిన 'ఇ' అక్షరమే మన అర్థశాస్త్రం. డిగ్రీకి వెళ్ళినా చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం అనే హెచ్.ఇ.పి.లో దానిది మళ్ళీ నడిమి స్థానమే. పాశ్చాత్య దేశాలలో వలె ఒక్క విషయాన్ని 'మేజర్'గా ఎంచుకొని లోతుగా చదివే పద్ధతి మన బి.ఏ.లలో చాలాకాలం లేదు. మూడు ఐచ్ఛికాలు, మూడింటికీ సమాన ప్రతిపత్తి. ఆంధ్రప్రదేశ్‌లో ఏక ప్రధానాంశ విధానం 2023–24 విద్యాసంవత్సరంలో గాని రాలేదు. అందుచేత మన పిల్లల్లో ఎక్కువమందికి అర్థశాస్త్రం కోరి వరించిన విద్య కాలేదు. గ్రూపుతోపాటు వచ్చిన విద్య అయింది, మిగిలినవారికి మిగిలిన చదువు అయింది.

మొదట ఇలా లేదు. ముందుగా ఆ పేరు సంగతి చూద్దాం.

'అర్థ' శబ్దానికి మాట యొక్క భావమనీ, ధనమనీ, ప్రయోజనమనీ నిఘంటువులు చెబుతాయి. పురుషార్థాలలో ధర్మం తరువాత నిలిచింది అర్థం. కౌటిల్యుని అర్థశాస్త్రం పేరు పండితులకు తెలిసినా గ్రంథం చాలాకాలం కంటికి కనబడలేదు. మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి చేరిన తాళపత్రప్రతిని ఆర్. శామశాస్త్రి గారు 1905లో గుర్తించి, 1909లో సంస్కృత మూలాన్ని, 1915లో ఆంగ్లానువాదాన్ని ప్రకటించారు. ఆ గ్రంథం ప్రధానంగా రాజ్యనిర్వహణ గురించినది. పన్నులు, కోశం, తూనికలు, కొలతలు, దుర్గాలు, గూఢచారులు అన్నీ అందులో ఉన్నాయి. పడమటివారి 'ఎకనామిక్స్' మరొక దారిన వచ్చింది. దాని మూలమైన గ్రీకు మాటకు గృహనిర్వహణ అని అర్థం. ఒకటి రాజుగారి కోశాగారం నుండి బయలుదేరింది, మరొకటి వంటింటి బియ్యపు కుండ నుండి బయలుదేరింది. తెలుగులో రెండింటికీ ఒకే పేరు స్థిరపడింది.

ఈ శాస్త్రానికి విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక పీట వేయడం కూడా పాత సంగతి కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ ఎంతో పట్టుబట్టి అర్థశాస్త్రానికి ప్రత్యేక పట్టపరీక్షను 1903లో సాధించారు. అప్పటివరకు అక్కడ అది నైతిక శాస్త్రాల చాటునా, చరిత్ర చాటునా బతికింది. సరిగ్గా ఆ కాలంలోనే మన చిత్తూరు సీమనుండి వెళ్ళిన ఒక తెలుగు యువకుడు మార్షల్ గారికి సంబంధించిన సెయింట్ జాన్స్ కళాశాలలోనే చరిత్ర చదువుతున్నాడు. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి గారు.

పండిత శిక్షణ పొందిన మాబోటి వారికి కట్టమంచి వారు 'ముసలమ్మ మరణము' కర్తగా, 'కవిత్వతత్త్వ విచారము' రాసి విమర్శకులను కలవరపెట్టిన వారుగా తెలుసు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులుగా తెలుసు. ఆయన తెలుగులో అర్థశాస్త్ర గ్రంథం రచించారన్న మాట మాత్రం మా తరగతి గదులలో వినబడేది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, రావిచెట్టు రంగారావు గారు ప్రభృతులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి విషయాలను తెలుగు చదువరి ఇంటికి చేర్చాలన్నది వారి సంకల్పం. ఆ గ్రంథమాలలోనే కట్టమంచి వారి అర్థశాస్త్రం వెలువడింది. సహాయానికి పారిభాషిక నిఘంటువు లేని కాలంలో ఆయన ఆ పనికి పూనుకున్నారు.

ఉర్దూలోనూ అచ్చంగా ఇదే జరిగింది. మహాకవి మహమ్మద్ ఇక్బాల్ తన తొలి కవితా సంపుటాన్ని ప్రకటించడానికి చాలా ముందే, 1904లో 'ఇల్మ్-ఉల్-ఇక్తిసాద్' అనే అర్థశాస్త్ర గ్రంథాన్ని వెలువరించారు. ఆ భాషలో ఈ శాస్త్రానికి వచ్చిన తొలి గ్రంథాలలో అది ఒకటి. తెలుగులో ఒక కవి-విమర్శకుడు, ఉర్దూలో ఒక కవి! కవిత్వానికీ లెక్కలకూ చుక్కెదురని నమ్మేవారు ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టుకొని చూడాలి. కొత్త శాస్త్రానికి ముందుగా కావలసినది మాటలు. మాటలు కూర్చగలవారు కనుకనే వారు ఆ పనికి ముందు నిలిచారని నా అభిప్రాయం.

ఇక మన తెలంగాణ సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది, దాని బోధన ఉర్దూలో. పాఠ్యగ్రంథాల కోసం 1917లోనే అనువాద విభాగాన్ని నెలకొల్పారు. అదే సంవత్సరం ఇల్యాస్ బర్నీ గారి 'ఇల్మ్-ఉల్-మయీషత్' వచ్చింది. తరువాత ఆయన ఉస్మానియాలో అర్థశాస్త్రం బోధించారు. ఈ ఉర్దూ పేర్లు రెండూ గమనించదగినవి. 'ఇక్తిసాద్' అంటే మితంగా నడుచుకోవడం, 'మయీషత్' అంటే జీవనోపాధి. మన 'అర్థం' ధనాన్ని సూచిస్తే, ఒక ఉర్దూ మాట పొదుపును, మరొకటి బతుకుతెరువును సూచించాయి. శాస్త్రం ఒకటే. ఏ భాష దానిని ఏ వైపునుండి చూసిందో పేరే చెబుతుంది.

ఆ రోజులలో మా ప్రాంతపు పిల్లవాడు అర్థశాస్త్రం చదవాలనుకుంటే రెండే దారులు. ఉస్మానియాలో ఉర్దూలో చదవాలి, లేదా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండిన నిజాం కళాశాలలో ఆంగ్లంలో చదవాలి. ఇంట్లో తెలుగు, పట్వారీ దగ్గర జమాబందీ, పహాణీ, తకావీ, బాకీ. రైతుకు ఆర్థిక జీవితమంతా ఉర్దూ మాటలలోనే నడిచేది. కాని ఆ మాటల వెనుకనున్న లెక్క అడిగే చదువు అతని కొడుకు దాకా వచ్చేది కాదు. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఆంగ్లం వచ్చింది. తెలుగువాడి నిరీక్షణ మరో ఇరవై ఏళ్ళు సాగింది.

అలాగని ఆ కాలపు అర్థశాస్త్రవేత్తలు గదులలో కూర్చొని గీతలు గీశారనుకోవద్దు. మద్రాసు విశ్వవిద్యాలయంలో తొలి అర్థశాస్త్రాచార్యులైన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులను సెలవులకు ఊళ్ళకు పంపేటప్పుడు ప్రశ్నావళి చేతికిచ్చి, మీ ఊరి భూమి, అప్పు, కూలి, పశువులు, తిండి గురించి రాసుకు రమ్మన్నారు. ఆ నివేదికలే 1918లో 'సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్' అనే పుస్తకమయ్యాయి. అందులోని కొన్ని ఊళ్ళను పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ గారలు మళ్ళీ పరిశీలించి 1940లో మరో పుస్తకం ప్రకటించారు. హైదరాబాదు రాజ్యంలో ఎస్. కేశవ అయ్యంగార్ గారు 1929–30లో గ్రామాల ఆర్థిక పరిశోధన నడిపారు. ఇరవై ఏళ్ళ తరువాత, 1949–51లో, మళ్ళీ గ్రామాలకు వెళ్ళారు. ఆ రెండో పరిశోధన కాలం చూడండి. తెలంగాణ సాయుధ పోరాటం కడపటి దశ అది. 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో కౌలుదారీ చట్టం. దున్నేవాడెవడు, అప్పు ఎవరికెంత అన్న ప్రశ్నకు రక్తం చిందుతున్న వేళ ఒక మనిషి కాగితం, పెన్సిలు పట్టుకొని అదే ప్రశ్నను ఇంటింటా అడిగాడు. పోరాడినవారి పని ఒకటి, లెక్క తీసినవారి పని ఒకటి. రెండవ పని చేసినవారిని మనం పాఠ్యపుస్తకాలలో స్మరించుకోలేదు.

అర్థశాస్త్రం చదివి ప్రజల మధ్యకు వెళ్ళినవారూ ఉన్నారు. నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో బోధించి, ఆ తరువాత రైతు నాయకుడయ్యారు. పేరుకు ముందున్న 'ఆచార్య' ఆ కొలువు నుండి వచ్చినదే. డాక్టర్ అంబేడ్కర్ గారిని రాజ్యాంగ నిర్మాతగానే ఎరిగినవారికి ఆయన కొలంబియాలోనూ లండన్‌లోనూ సంపాదించిన ఉన్నత పట్టాలు అర్థశాస్త్రంలోనివని చెబితే ఆశ్చర్యపోతారు. రూపాయి సమస్యపై ఆయన గ్రంథం 1923లో వచ్చింది. హైదరాబాదులో 1982లో నెలకొల్పిన సార్వత్రిక విశ్వవిద్యాలయం నేడు ఆయన పేరుతోనే ఉంది.

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తాను. 'మిగులు' అన్న మాటను ఈ టపా శీర్షికలో వాడాను గదా, ఆ మాటే ఒకప్పుడు తెలంగాణను కుదిపివేసింది.

1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక సమర్పించినపుడు, తలసరి రాబడిలో తెలంగాణ ఆంధ్ర రాష్ట్రం కన్నా మెరుగుగా ఉన్నదని గుర్తించింది. అందుకు కారణాలు రెండని చెప్పింది. ఒకటి, ఇక్కడి భూమిశిస్తు భారం ఎక్కువ. రెండు, ఏటా సుమారు 5 కోట్ల రూపాయల ఆబ్కారీ ఆదాయం. ఒక్క నిమిషం ఆగి ఈ కారణాలను చూడండి. తెలంగాణకు 'మిగులు' వచ్చింది ఐశ్వర్యం వలన కాదు. రైతు ఎక్కువ శిస్తు కట్టడం వలనా, కూలివాడు కల్లు, సారా తాగడం వలనా వచ్చింది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో, సాధారణ పరిపాలన ఖర్చును రెండు ప్రాంతాలు దామాషా ప్రకారం భరించాలనీ, తెలంగాణ ఆదాయంలో మిగిలినది తెలంగాణ అభివృద్ధికే కేటాయించాలనీ రాసుకున్నారు.

రాసుకున్నది జరగలేదన్న ఆవేదన 1969 ఉద్యమానికి గల ప్రధాన కారణాలలో ఒకటి. అప్పుడు ప్రభుత్వం కుమార్ లలిత్ అనే ఆడిట్ అధికారిని నియమించింది. 1956 నవంబరు నుండి 1968 మార్చి వరకు ఖర్చు కాకుండా మిగిలిన తెలంగాణ నిధులు 34.10 కోట్ల రూపాయలని ఆయన తేల్చారు. తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి వశిష్ఠ భార్గవ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 28.34 కోట్లని చెప్పింది. అవే ఖాతాలు, అవే సంవత్సరాలు. తేడా 5 కోట్ల 76 లక్షలు! ఇటువంటి లెక్కలో కూడికలు, తీసివేతలు చివరి పని. ఏ ఖర్చు ఉమ్మడిది, ఏది ప్రాంతానిది, ఉమ్మడి ఖర్చును జనాభాను బట్టి పంచాలా ఆదాయాన్ని బట్టి పంచాలా అన్నవి ముందుగా నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాలలోనే లక్షలూ కోట్లూ అటు ఇటు అవుతాయి. వీధులలో విద్యార్థులు తూటాలకు బలైన ఆ ఏడాది, ఆ వివాదంలో ఒక భాగం ఖాతాపుస్తకాల గదులలో నడిచింది.

అక్కడ తెలంగాణ పక్షాన మాట్లాడగలవారు ఎందరు? కరీంనగర్ జిల్లాలో పుట్టి, ఉస్మానియాలో ఎం.ఏ. చేసి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భూముల పన్నుపై డాక్టరేటు సంపాదించిన సి.హెచ్. హనుమంతరావు గారు ఆ 1969 అక్టోబరులోనే 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో తెలంగాణ బడ్జెటు మిగుళ్ళపై వ్యాసం రాశారు. తరువాతి కాలంలో ఆయన ప్రణాళికా సంఘ సభ్యులయ్యారు. 2010లో చిన్న రాష్ట్రాలు, ప్రాంతీయ అసమానతలు, తెలంగాణ ఏర్పాటు గురించి పుస్తకం వెలువరించారు. నలభై ఏళ్ళకు పైగా ఒక మనిషి ఒకే లెక్కను విడవకుండా పట్టుకున్నాడు. ఉద్యమ సిద్ధాంతకర్తగా ప్రజలు గుండెల్లో పెట్టుకున్న ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారు కూడా అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందినవారే. నీళ్ళు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటలు నినాదం కావడానికి ముందు మూడు పట్టికలుగా ఉండేవి. ఆ పట్టికలు వేయగలవారు మనలో పుట్టి ఉండకపోతే ఆ నినాదానికి అంత బరువు వచ్చేది కాదు. 'మిగిలినవారి చదువు' అని మనం తీసిపారేసిన చదువే మన మిగులు నిధుల లెక్క తేల్చడానికి పనికివచ్చింది.

1969 ప్రాంతంలోనే మరొక మార్పు వచ్చింది. 1968 ఆగస్టు 6న తెలుగు అకాడమి ఏర్పడింది. పి.వి. నరసింహారావు గారు దాని తొలి అధ్యక్షులు. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలలో తెలుగు మాధ్యమం రావడంతో అకాడమి పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. అప్పుడు నిలదొక్కుకున్న పారిభాషిక పదాలు పండితుడి కంటికి ముచ్చటగా కనబడతాయి. 'ద్రవ్యోల్బణం' గుణసంధి: ద్రవ్యం ఉల్బణించడం, అనగా మితిమీరి పెరగడం. 'ఉపాంతం' అంటే అంచున ఉన్నది, చిట్టచివర చేరినది. ఆకలి మీద తిన్న మొదటి సీతాఫలం ఇచ్చే తృప్తి పదోది ఇవ్వదన్న సంగతిని 'క్షీణ ఉపాంత ప్రయోజన సూత్రం' అన్నారు. మాట గంభీరమైనదే. కాని విడదీసి చెబితే తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

తెలుగు మాధ్యమం వలన మా పల్లెల నుండి మొదటితరం విద్యార్థులు వేలాదిగా బి.ఏ. చదవగలిగారు. అది చిన్న మేలు కాదు. అయితే ఆ బాట డిగ్రీ దగ్గర సన్నబడింది. పై చదువులు, పరిశోధన పత్రికలు, ప్రభుత్వ నివేదికలు అన్నీ ఆంగ్లంలోనే ఉండిపోయాయి. దానికితోడు ఈ శాస్త్రం ప్రపంచవ్యాప్తంగా గణితం వైపు మరలింది. లెక్కలు వదిలించుకోవడానికి సి.ఇ.సి. తీసుకున్న విద్యార్థికి ఎం.ఏ. గుమ్మంలో కలనగణితం, గణాంకశాస్త్రం ఎదురయ్యాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం అర్థశాస్త్ర ఆనర్సు ప్రవేశానికి పన్నెండో తరగతిలో గణితం ఉండితీరాలన్నది. మనం లెక్కలు రానివారికి కేటాయించిన చదువు అక్కడ లెక్కలు వచ్చినవారికే దక్కింది. మన పిల్లలకు జరిగిన అసలు నష్టం ఇదేనని నేననుకుంటాను.

ఈ సందర్భంలో ఇద్దరు తెలుగువారిని తలచుకోవాలి. కడప జిల్లాకు చెందిన యాగా వేణుగోపాలరెడ్డి గారు 2003 నుండి 2008 వరకు భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆయన స్థానంలో వచ్చి 2013 వరకు ఆ పదవి నిర్వహించినవారు ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు. మొదటివారు మద్రాసులో అర్థశాస్త్రం ఎం.ఏ., ఉస్మానియాలో డాక్టరేటు. రెండవవారు ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐ.ఐ.టి.లలో భౌతికశాస్త్రం చదివి, 1972లో సివిల్ సర్వీసు పరీక్షలో ప్రథములై, ఆ తరువాత అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించి, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. కనుక పద్దెనిమిదో ఏట అర్థశాస్త్రం తీసుకోకపోతే తలుపు మూసుకుపోదు. లెక్కలు విడిచిపెడితే మాత్రం చాలా తలుపులు మూసుకుపోతాయి.

ఇక సలహా. నా పూర్వవిద్యార్థి ఒకడు గల్ఫులో పనిచేస్తున్నాడు. అతని భార్య ఇంటివద్ద బీడీలు చుడుతుంది. వారి కూతురు సి.ఇ.సి.లో మంచి మార్కులతో ఉత్తీర్ణురాలై అర్థశాస్త్రం చదువుతానంటోంది. బంధువులేమో కంప్యూటరుతో కూడిన బి.కాం. తీసుకొమ్మంటున్నారు. ఆ అమ్మాయికి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను.

మొదటి మాట: ఇరవై ఒకటో ఏట తప్పనిసరిగా ఇంటికి సంపాదన తేవలసి ఉంటే, ఒట్టి బి.ఏ. అర్థశాస్త్రాన్ని నమ్ముకోవద్దు. బ్యాంకు గుమాస్తా పరీక్షకైనా, గ్రూపు పరీక్షలకైనా ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలునంటారు. అక్కడ మన అర్థశాస్త్రం ఒకటి రెండు పేపర్లలో సాయపడుతుందే తప్ప విడిగా ఉద్యోగమియ్యదు. బంధువుల మాటను చిన్నచూపు చూడవలసిన పని లేదు. అయిదేళ్ళు ఆగగలిగితే లెక్క మారుతుంది. జూనియర్ లెక్చరరు కొలువుకు ఎం.ఏ. కావాలి. 1961లో ఏర్పడిన ఇండియన్ ఎకనామిక్ సర్వీసు పరీక్ష రాయాలన్నా అర్థశాస్త్రంలో పై పట్టా కావాలి. మా వారికి దూరభారం లేకుండా 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలోనే ఉంది, అనువర్తిత అర్థశాస్త్ర విభాగమూ అందులో ఉంది.

రెండవ మాట: లెక్కలు. సి.ఇ.సి. చదివినంత మాత్రాన దారి మూసుకుపోలేదు. పదో తరగతి బీజగణితం మళ్ళీ తెరిచి, రేఖాపటాలు, శాతాలు, సగటులతో మొదలుపెట్టి, డిగ్రీ మూడేళ్ళలో గణాంకశాస్త్రం దాకా రావాలి. రోజుకు గంట చాలు. ఆ గంట పెట్టనంటే అర్థశాస్త్రం వద్దు, చరిత్ర తీసుకో అన్నాను. చరిత్ర తక్కువది కాదు, దాని శ్రమ వేరు.

మూడవ మాట: రెండు భాషలు. తెలుగులో అర్థం చేసుకో, ఆంగ్లంలో చదువు. ఒకదానికోసం మరొకదానిని వదలవద్దు. ఆంగ్లంలో ఒప్పజెప్పగలిగి తన తల్లికి తెలుగులో చెప్పలేని సూత్రం విద్యార్థికి రాలేదనే లెక్క.

నాలుగవ మాట: ఊరు. స్లేటర్ గారి విద్యార్థుల వలె తన ఊరినే పాఠ్యపుస్తకంగా తెరవాలి. మా చుట్టూ పాఠాలకు కొదవలేదు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని కట్టిన జలాశయం పూడికతో తన సామర్థ్యాన్ని ఎంతో కోల్పోయింది. ఎగువన సింగూరు కట్టాక మంజీర నీరు హైదరాబాదు దాహానికీ వెళ్ళింది. నగరానికి తాగునీరు, ఇక్కడ వరి: ఒకటి పొందాలంటే మరొకటి ఎంత వదులుకోవాలి? పుస్తకం దీనినే 'అవకాశ వ్యయం' అంటుంది. బీడీలకు కూలి వెయ్యికి ఇంత అని కడతారు. ఇంటిపని నడుమ చుట్టిన ఆ వెయ్యికి పట్టిన గంటలను ఎవరు లెక్కించారు? 2016 ఏప్రిల్ నుండి పొగాకు పొట్లాల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు వేయాలన్నారు. పొగతాగేవారి ఆరోగ్యానికి అది మేలే. ఆ మేలుకు చెల్లించే మూల్యంలో బీడీ కార్మికురాలి వాటా ఎంత? గల్ఫు నుండి వచ్చే డబ్బుతో ఊరిలో ఇళ్ళు లేచాయి, పొలాల ధరలు పెరిగాయి. పొలం కొనలేని కౌలురైతుకు అది లాభమా నష్టమా? కామారెడ్డి బెల్లం ధర పడిపోయిన ఏడాది చెరకు రైతు ఏ పంటకు మళ్ళాడు? ఈ ప్రశ్నలకు జవాబులు ఏ గైడులోనూ దొరకవు. వీటికి జవాబు కనుక్కోవాలన్న కోరిక ఆ పిల్లకు ఉంటే, అర్థశాస్త్రం ఆమె చదువే.

ఆ అమ్మాయి అంతా విని, "లెక్కలు నేర్చుకుంట సారూ, కానీ బీడీల సంగతి పరీక్షల అడుగుతరా?" అన్నది. అడగరు. మార్కుల కోసం చదివేది వేరు, అవసరం కోసం చదివేది వేరు. మొదటిది చదవకపోతే రెండవదానికి అవకాశం రాదు కనుక రెండూ చదవమన్నాను. అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రంతోపాటు గణాంకశాస్త్రమో గణితమో కలిసివచ్చే కూర్పు ఏ కళాశాలలో దొరుకుతుందో ఇద్దరం కూర్చొని వెతికాం. ఆమె తండ్రి ఫోనులో ఒకే ప్రశ్న అడిగాడు: "అయిదేండ్లు పడ్తదా సారూ?" పడుతుందని చెప్పాను. కాసేపాగి, "సరే, చదువనీయుండ్రి" అన్నాడు.

మిత్రులారా, మీలో అర్థశాస్త్రం కోరి తీసుకున్నవారు, తప్పక తీసుకున్నవారు, మధ్యలో విడిచినవారు ఉండే ఉంటారు. మీ ఊళ్ళలో ఏ పుస్తకం చదివారో, ఏ భాషలో చదివారో, ఆ చదువు ఎక్కడ అక్కరకు వచ్చిందో రాయండి. ఆ పిల్లకు చదివి వినిపిస్తాను.

స్వస్తి.